సైకిలు చైనూ, కలకత్తా గణితమూ

మీ ఇంట్లో సైకిలు ఉందా? అయితే ఒక పన్నెండంగుళాల స్కేలు తీసుకుని దాని దగ్గరకు వెళ్ళండి. చైను పై వరుసను పాత గుడ్డతో తుడవండి. పెడలు మీద చేయి ఆనించి చైనును బిగుతుగా ఉంచి, ఒక పిన్ను నడిమధ్యకు స్కేలు సున్నాను చేర్చండి. ఆ పిన్నును ఒకటిగా లెక్కపెట్టుకుంటూ వెళితే ఇరవై అయిదవ పిన్ను నడిమధ్య సరిగ్గా 12 అంగుళాల గీత మీద పడాలి. పడితే మీ చైను ఇంకా కొత్తదే. గీతను అంగుళంలో పదహారో వంతు దాటిందంటే కనిపెట్టి ఉండాలి. ఎనిమిదో వంతు దాటితే ఇక మార్చక తప్పదు.

“చైను సాగింది” అంటాడు మెకానిక్కు. నిజానికి అందులోని ఉక్కు పలకలేవీ సాగవు. చైనులో ప్రతి అర అంగుళానికీ, అంటే 12.7 మిల్లీమీటర్లకు, ఒక కీలు ఉంటుంది. కీలులో పిన్ను, దాని చుట్టూ బుష్షు, బుష్షు మీద రోలరు. చైను పళ్ళ చక్రం మీదికి వంగినప్పుడల్లా పిన్ను బుష్షులో కాస్త తిరుగుతుంది. ఆ ఒరిపిడికి రెండూ అరుగుతాయి, కీళ్ళ మధ్య దూరం పెరుగుతుంది. ఒక్కొక్క కీలు దగ్గర ఈ పెరుగుదల 0.127 మి.మీ. అయితే చాలు, చైను మొత్తం నూటికి ఒక వంతు పొడవైనట్లే. అంటే ఒకటి రెండు తల వెంట్రుకల మందం! ఆ కాస్తకే రోలర్లు పళ్ళ మొదళ్ళలో కూర్చోవడం మానేసి పైకి ఎక్కుతాయి, పళ్ళను కొక్కేల్లా కోసేస్తాయి. ఆ తర్వాత కొత్త చైను వేసినా అరిగిన పళ్ళ మీద అది జారుతుంది. వంతెన ఎక్కుతూ నిలబడి తొక్కేటప్పుడు చైను జారితే ఏమవుతుందో మీలో కొందరికి మోకాళ్ళే గుర్తు చేస్తాయి.

అయితే స్కేలు వాడిన చైను సంగతే చెబుతుంది. దుకాణంలో వేలాడే కొత్త చైన్లన్నీ 12 అంగుళాలకు సరిపోతాయి, అన్నీ ఒకేలా మెరుస్తాయి. కాలేజీ రోజుల్లో నేను విదేశీ పేరులా వినిపించే పేరున్న ఒక చైనును, పెట్టె అందం చూసి కొన్నాను. ఒక్క వానాకాలం గడిచేసరికి అది పై కొలతలో ఓడిపోయింది. చైను అరగక ముందే దాని మంచి చెడ్డలు తెలుసుకునే మార్గం ఉందా? సైకిలు మన దేశానికి వచ్చిన నాటి నుండీ ఉన్న ఈ ప్రశ్నకు జవాబులు ఒకదాని తర్వాత ఒకటి ఎలా మారాయో చూడాలంటే కలకత్తా వెళ్ళాలి. (2001 నుండి ఆ నగరం కోల్‌కతా, పాత సంగతులకు పాత పేరే వాడుతున్నాను.)

పేరే పూచీ

నేటి సైకిలు చైనుకు మూలపురుషుడు హాన్స్ రెనాల్డ్. ఇంగ్లండులోని మాంచెస్టరులో స్థిరపడిన ఈ స్విస్ ఇంజనీరు 1880లో బుష్షూ రోలరూ కలిసిన చైనుకు పేటెంటు పొందాడు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సేఫ్టీ సైకిలును తెచ్చాడు. ముందు చక్రాన్ని నేరుగా తొక్కే ఎత్తయిన సైకిళ్ళ కాలం దానితో ముగిసింది. చైనుతో వెనుక చక్రాన్ని తిప్పే పద్ధతి స్థిరపడింది.

ఇలాంటి సైకిళ్ళను కలకత్తాలో అమ్మినవారిలో హేమేంద్రమోహన్ బోస్ (1864-1916) ఒకరు. ‘కుంతలీన్’ తలనూనె, అత్తర్లు, గ్రామఫోను రికార్డులు, సైకిళ్ళు - ఆయన చేయి పెట్టని వ్యాపారం లేదు. హారిసన్ రోడ్డులో (నేటి మహాత్మా గాంధీ రోడ్డు) సైకిలు దుకాణం తెరిచిన ఈయనే జగదీశ్ చంద్ర బోస్‌కు, రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రేకు, ప్రసిద్ధ వైద్యుడు నీలరతన్ సర్కార్‌కు సైకిలు తొక్కడం నేర్పాడు. మన విజ్ఞాన చరిత్రలోని పెద్దలు సైకిలు మీద తూలుతూ ఉన్న దృశ్యాన్ని ఒక్కసారి ఊహించుకోండి!

ఆ రోజుల్లో కొనేవాడికి పూచీ ఒక్కటే - కంపెనీ పేరు. పేర్లలోకెల్లా గట్టిది బి.ఎస్.ఎ., అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకుల తయారీకి పుట్టిన ఈ కంపెనీ తర్వాత సైకిలు విడిభాగాలూ చేసింది. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు దాని గుర్తు. తుపాకులకూ సైకిలుకూ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. యుద్ధభూమిలో ఒక తుపాకీ బోల్టు విరిగితే ఇంకో తుపాకీ బోల్టు అందులో ఆకురాయి అవసరం లేకుండా ఇమడాలి. ఇందుకోసం తుపాకుల కార్ఖానాలు గేజీలు వాడటం నేర్చాయి. ఒక రంధ్రాన్ని పరీక్షించడానికి రెండు కడ్డీలుంటాయి. ఒకటి దూరి తీరాలి, రెండవది దూరకూడదు. రెండు పరీక్షలూ నెగ్గిన భాగమే బయటికి వెళుతుంది. కలకత్తాకు ఎగువన, హుగ్లీ ఒడ్డునున్న ఇషాపూర్ రైఫిల్ ఫాక్టరీ పని కూడా ఇదే సూత్రం మీద నడిచేది.

బి.ఎస్.ఎ. ఈ క్రమశిక్షణను సైకిలుకు తెచ్చింది. దాని మరల కొలతలు ఎంతగా పాతుకుపోయాయంటే, పెడళ్ళ ఇరుసు తిరిగే కప్పుకు అంగుళానికి 24 మరలనే లెక్క ఎన్నో దేశాల సైకిళ్ళలో నేటికీ నడుస్తోంది. నాటింగ్‌హామ్‌లోని రాలీ కంపెనీ మాత్రం పంతం పట్టినట్లు అంగుళానికి 26 మరలు చెక్కేది. రాలీ బండికి బి.ఎస్.ఎ. కప్పు ఎక్కదు. రెండూ మేలైనవే, కానీ ఒకదాని చోట ఒకటి పనికిరావు! నాణ్యతకు ఇది ఒక కొత్త అర్థం. భాగం మంచిదైతే చాలదు, తన జోడుతో ఒదగాలి.

ఒకటి వేరు, వెయ్యి వేరు

సైకిలు నేర్చుకున్న జగదీశ్ చంద్ర బోస్ దగ్గరకు మరోసారి వెళదాం. 1890లలో ఆయన మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం గల విద్యుత్ తరంగాలను పుట్టించి, పట్టుకునే పరికరాలు కలకత్తాలోనే చేయించాడు. ఆ పనిలో ఆయనకు తోడు ఒక స్థానిక తగరపు పనివాడు. ప్రపంచంలో ఎక్కడా లేని ఒక పరికరాన్ని చేయగల చేయి ఆ ఊళ్ళో ఉందన్నమాట. మరి అదే ఊరు సైకిలు చైనును బర్మింగ్‌హామ్ నుండి ఎందుకు తెప్పించుకుంది?

వ్యాపారం, పన్నులు, పాలకుల విధానం - ఇవన్నీ కారణాలే. కానీ సాంకేతికంగా చూస్తే ఇందులో మరో మెలిక ఉంది. ఒక్క పిన్నును గొప్పగా చేయడం వేరు, వెయ్యి పిన్నులను ఒకేలా చేయడం వేరు. చైనులో వందకు పైగా కీళ్ళుంటాయి. వాటిలో ఒక్క పిన్ను మెత్తగా ఉన్నా ఆ కీలు ముందుగా వదులై, అది పళ్ళ మీదికి వచ్చినప్పుడల్లా సైకిలు కుదుపుతుంది. తక్కిన పిన్నుల గొప్పతనం ఎవరికీ అక్కరకు రాదు.

పిన్ను ‘మెత్తన’ ఎందుకవుతుంది? పిన్నుకు రెండు పరస్పర విరుద్ధ గుణాలు కావాలి. పైపొర అరగనంత కఠినంగా ఉండాలి, లోపల మాత్రం విరగకుండా వంగేంత సాగుదల ఉండాలి. అందుకని కర్బనం తక్కువున్న ఉక్కుతో పిన్ను చేసి, కర్బనం దండిగా ఉన్న పరిసరంలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. కర్బనం పైపొరలోకి ఇంకుతుంది. వెంటనే చల్లబరిస్తే ఆ పొర గట్టిపడుతుంది. కర్బనం పాళ్ళు ఉక్కు స్వభావాన్ని మార్చేస్తాయని మన కోనసముద్రం కమ్మరులకు శతాబ్దాల కిందటే అనుభవంలో తెలుసు. వారిది మూసలో ఉక్కు మొత్తాన్ని మార్చే విద్య. ఇది పైపొరకే పరిమితం. ఈ పొర మరీ పలచనైతే కొన్నాళ్ళకే అరిగిపోయి మెత్తని లోపలి ఉక్కు బయటపడుతుంది. మరీ లోతుకు వెళితే పిన్ను పెళుసై విరుగుతుంది. పైకి నికెల్ పూత పూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. నా చైను రహస్యం ఇదేనని చాలా కాలానికి గాని నాకు తెలియలేదు.

ఇలాంటి లోపాలను పట్టే ప్రయోగశాల కలకత్తాలో లేకపోలేదు. అలీపూర్‌లో 1912లో ప్రభుత్వ పరీక్షాశాల ఏర్పడింది. నేటి నేషనల్ టెస్ట్ హౌస్ అదే. కానీ గట్టి పరీక్షలతో ఒక చిక్కుంది. పిన్ను లోపలి పొరను చూడాలంటే దాన్ని కోయాలి. కోసిన పిన్ను మంచిదని తేలినా చైనుకు పనికిరాదు. కోయని పిన్ను గురించి మనకు ఏమీ తెలియదు. అన్నింటినీ కోయకుండా అన్నింటి గురించీ చెప్పడం ఎలా? ఇక్కడ లోహశాస్త్రం ఆగి, గణితం మొదలవుతుంది.

షూహార్ట్ గీసిన గీతలు

రెండవ ప్రపంచ యుద్ధం సముద్ర వ్యాపారాన్ని ఛిన్నాభిన్నం చేసింది. యుద్ధం ముగిశాక, 1946లో, టారిఫ్ బోర్డు మన సైకిలు పరిశ్రమకు రక్షణ సుంకం అవసరమా అని విచారించింది. సుంకంతో విదేశీ సైకిలును ఆపవచ్చు సరే. స్వదేశీ చైను ఒక వానాకాలంలో అరిగిపోతే ఆ భారం మోయవలసింది పాలవాడూ, తపాలా జవానూ, బడిపిల్లవాడూ.

సరిగ్గా ఆ కాలంలోనే కలకత్తాకు ఒక అతిథి వచ్చాడు. ఆయన పేరు వాల్టర్ షూహార్ట్. అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల భౌతిక శాస్త్రవేత్త. 1931లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆహ్వానం మీద 1947 చివర్లో వచ్చి సుమారు మూడు నెలలు మన దేశంలో గడిపాడు. 1924 మే 16న పై అధికారికి పంపిన ఒక చిన్న లేఖలో ఆయన గీసిన పటమే తర్వాత ‘నియంత్రణ పటం’గా పేరు పొందింది.

పటం ఊహ చాలా తేలిక. పిన్నులు చేసే యంత్రం దగ్గర గంటకొకసారి అయిదు పిన్నులు తీసి కొలవండి. అర అంగుళం చైను పిన్ను వ్యాసం సుమారు 3.66 మి.మీ. అయిదింటి సగటును చుక్కగా పెట్టండి. చుక్కలు కాస్త పైకీ కిందికీ ఊగుతూనే ఉంటాయి. అది యంత్రం సహజ వణుకు, దాన్ని చూసి కంగారు పడకూడదు. ఆ ఊగిసలాటను బట్టి పైన ఒకటి, కింద ఒకటి హద్దు గీతలు గీయండి. చుక్క హద్దు దాటినా, వరుసగా ఒకే వైపు జరుగుతున్నా ఏదో ఒక ప్రత్యేక కారణం చొరబడిందని అర్థం. పనిముట్టు అరిగిందేమో, ఉక్కు మారిందేమో, పనివాడు మారాడేమో! వెతకవలసింది అప్పుడే.

వణుక్కూ జరుగుబాటుకూ తేడా ఎంతో చైను మీదే లెక్క వేసి చూడండి. 112 కీళ్ళ చైనులో ఒక్కొక్క కీలు దగ్గర పొరపాటు 0.01 మి.మీ. అనుకుందాం. పొరపాట్లు యాదృచ్ఛికమైతే కొన్ని ఎక్కువ వైపు, కొన్ని తక్కువ వైపు పోయి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. మొత్తం తేడా 112 వర్గమూలానికి, అంటే సుమారు 10.6 రెట్లకు అటూ ఇటూగా ఉంటుంది: దాదాపు 0.1 మి.మీ. అదే, అచ్చు ఒక వైపుకు జరిగి అన్ని కీళ్ళూ ఎక్కువ వైపే తప్పితే మొత్తం 1.12 మి.మీ. అవుతుంది. ఒక్కొక్క కీలును కొలిచేవాడికి రెండూ ఒకటే. చైనుకు మాత్రం ఒకటి పది రెట్లు పెద్దది.

గేజి తయారైన తర్వాత చెడ్డదాన్ని ఏరి పారేస్తుంది. పటం చెడ్డది తయారు కాక ముందే హెచ్చరిస్తుంది. బర్మింగ్‌హామ్ విద్యకూ షూహార్ట్ విద్యకూ ఉన్న దూరం అదీ. 1950లలో ఇన్‌స్టిట్యూట్ పారిశ్రామిక నగరాల్లో గణాంక నాణ్యతా నియంత్రణ విభాగాలు తెరిచి ఈ పద్ధతిని కార్ఖానాలకు నేర్పసాగింది.

ఇక్కడ ఒక చిన్న గందరగోళం తీర్చాలి. ఈ సంస్థను పొడి అక్షరాల్లో ఐ.ఎస్.ఐ. అంటారు. వస్తువుల మీద కనిపించే ఐ.ఎస్.ఐ. ముద్ర దీనిది కాదు. అది 1947లోనే పుట్టిన ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ ముద్ర. 1987లో ఆ సంస్థ స్థానంలో భారతీయ ప్రమాణాల బ్యూరో వచ్చినా ముద్ర పేరు మారలేదు. ఒకటి ప్రమాణం రాస్తుంది, మరొకటి ఆ ప్రమాణానికి తగ్గట్టు నిలకడగా తయారు చేసే లెక్క నేర్పుతుంది.

ఎనభై ఒకటికి బదులు తొమ్మిది

ఇంకా ఒక మెట్టు ఉంది. చైను తయారీ నిలకడగానే ఉంది, కానీ నిలకడగా నాసిగా ఉంది అనుకోండి! పటం ఏమీ అరవదు. అప్పుడు తయారీ పద్ధతినే మార్చాలి. పిన్ను పైపొర విషయంలో మార్చగలిగినవి నాలుగున్నాయి: కొలిమి ఉష్ణోగ్రత, ఉంచే సమయం, కర్బనం అందించే పదార్థం, చల్లబరిచే నూనె వేడి. ఒక్కొక్కటి మూడు స్థాయుల్లో పరీక్షించాలంటే 3×3×3×3, అంటే 81 ప్రయోగాలు. ఏ చిన్న కార్ఖానా చేయగలదు?

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో ఈ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ఒక తెలుగు యువకుడు ఇందుకు దారి చూపాడు. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు - ప్రపంచానికి సి.ఆర్. రావు. 1940లలో ఆయన రూపొందించిన ‘లంబ వ్యూహాలు’ అనే పట్టికల ప్రకారం పై పనికి తొమ్మిది ప్రయోగాలు చాలు. కిటుకు ఏమిటంటే, ఆ తొమ్మిదింటిలో ఏ రెండు అంశాలను తీసుకున్నా వాటి స్థాయుల జతలు తొమ్మిదీ ఒక్కొక్కసారి కచ్చితంగా వస్తాయి. అందువల్ల ఉష్ణోగ్రత ప్రభావాన్ని లెక్కించేటప్పుడు సమయం, పదార్థం, నూనె తెచ్చే తేడాలు అన్ని వైపులా సమానంగా పంచబడి తొలగిపోతాయి. కాగితం మీద మీరే మూడు స్థాయులకు 1, 2, 3 అని పేర్లు పెట్టి ఆ పట్టిక కట్టడానికి ప్రయత్నించండి, మంచి వినోదం. ఈ పొదుపు ఉచితంగా మాత్రం రాలేదు. రెండు అంశాలు కలిసి చేసే అల్లరిని తొమ్మిది ప్రయోగాలు విడదీసి చూపలేవు.

1954-55లో జపాను నుండి గెనిచి తగూచి అనే ఇంజనీరు కలకత్తాలోని ఈ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. తర్వాతి దశాబ్దాల్లో ఆయన ఈ పట్టికలను కార్ఖానా భాషలోకి మార్చాడు. ‘తగూచి పద్ధతులు’ అనే పేరుతో అవి జపాను నుండి ప్రపంచమంతా పాకాయి. మన ఇంజనీరింగు విద్యార్థులు వాటిని జపాను విద్యగా చదువుకుంటున్నారు. వాటి వెనుక విశాఖ నుండి కలకత్తా వెళ్ళిన ఒక మనిషి ఉన్నాడని చాలామందికి తెలియదు. ఆయన 2023లో, నూట మూడో ఏట కన్నుమూశారు.

ఆసన్‌సోల్ సంగతి

మరి సైకిలు సంగతి? కలకత్తాలో సెన్ అండ్ పండిట్ పేరుతో సైకిళ్ళు దిగుమతి చేసిన సుధీర్ కుమార్ సేన్, రాలీ కంపెనీతో చేతులు కలిపి ఆసన్‌సోల్ దగ్గర కన్యాపూర్‌లో సెన్-రాలీ కార్ఖానా పెట్టారు. 1950ల మొదట్లో అక్కడి సైకిళ్ళు రోడ్డెక్కాయి. ఒకే ఆవరణలో ఒక సైకిలుకు కావలసిన ముఖ్య భాగాలు చేసుకోవడం, పక్కనే కార్మికుల కాలనీ - ఆ కాలపు ఆదర్శం అది. తెలుగు దేశంలో కూడా రాలీ సైకిలు ఉన్న ఇంటికి అప్పట్లో ఒక దర్జా ఉండేది. కానీ సంస్థ కష్టాల్లో పడింది. 1980లో ప్రభుత్వం జాతీయం చేసి సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అని పేరు పెట్టింది. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో అది మూతపడింది. దీనికి నాణ్యత ఒక్కటే కారణమని ఎవరైనా అంటే నేను నమ్మను. ఒక్కొక్క చిన్న కార్ఖానా ఒక్కొక్క భాగం చేసి అమ్మే లూధియానా పద్ధతి ధరలో దాన్ని దాటిపోయింది. 1956లో సైకిళ్ళ తయారీ మొదలుపెట్టిన హీరో కంపెనీ ఆ ఊరిదే. జపానులోని సకాయ్ పట్టణంలో 1921లో ఒక్క ఫ్రీవీలుతో పని ప్రారంభించిన షిమానో మాత్రం సైకిలు గేర్ల తయారీలో ప్రపంచంలోనే పెద్దదైంది.

ఇప్పుడు కోల్‌కతాలో బెంటింక్ వీధి సైకిలు దుకాణాల్లో దొరికే సరుకులో లూధియానా వాటా చాలా ఎక్కువ. 2015లో ‘సబుజ్ సాథీ’ పథకం కింద పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ పాఠశాలల్లో 9 నుండి 12 తరగతుల పిల్లలకు సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ చైన్ల మీద చదువులకు వెళ్ళే పిల్లలు లక్షల్లో ఉన్నారు.

దుకాణంలో మీ ముందు నియంత్రణ పటం ఉండదు నిజమే. అయినా కొన్ని సంగతులు చేతికి తెలుస్తాయి. కొత్త చైనును పక్కకు వంచండి. మంచి చైను అటూ ఇటూ ఒకే తీరుగా వంగుతుంది, పాములా వేలాడదు. ఒక్కొక్క కీలును మడిచి చూడండి, ఏదీ పట్టేయకూడదు. కోను, కప్పు కొనేటప్పుడు బాల్సు దొర్లే గాడి మీద ఆకురాయి మూలతో మెల్లగా గీయనివ్వమని అడగండి. గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి గాజు మీద జారినట్లు జారుతుంది, మెత్తనిదైతే కొరుకుతుంది. ఆ గీతను దుకాణదారు ఒప్పుకోకపోతే అదీ ఒక సమాచారమే! ఫ్రీవీలును వేలికి తొడిగి తిప్పండి. టిక్ టిక్ చప్పుడు లయ తప్పకుండా రావాలి, పళ్ళ అంచు ఊగకూడదు.

ఇక ఇందాక కొలిచిన మీ చైను. ఆ కొలతను, నేటి తేదీని నోటుపుస్తకంలో రాసి, గ్రాఫు కాగితం మీద ఒక చుక్క పెట్టండి. నెలకొకసారి అదే పిన్ను దగ్గర నుండి కొలిచి చుక్కలు చేర్చండి. జూన్ నుండి అక్టోబరు దాకా, దుమ్మూ నీళ్ళూ కలిసి పిన్నుల మధ్యకు చేరే కాలంలో, చుక్కల వరుస ఎంత నిటారుగా లేస్తుందో చూడండి. మరుసటి ఏడు అదే కాలంలో వారానికొకసారి తుడిచి నూనె వేసి, రెండో వరుస గీయండి.